కరెంటు పోతే: 31వ ఎపిసోడ్

అరుణ: నమస్కారం. వైజాగ్ నుంచి అరుణ, హైదరాబాద్ నుంచి మా తమ్ముడు శ్రీను. ఈ వారం విషయం, ఇంట్లో కరెంటు పోతే ఏం చేయాలి. మా వీధిలో పొద్దుటి నుంచీ లేదు. ఇన్వర్టరు మీద మాట్లాడుతున్నాను.

శ్రీను: విసనకర్ర తీయాలి.

అరుణ: అప్పుడేనా! విసనకర్ర ఊసెత్తనని పోయిన వారం ఒట్టు పెట్టావు.

శ్రీను: బెల్లం డబ్బా మీద పెట్టిన ఒట్టు చెల్లదు. సరే, నువ్వు చెప్పు.

అరుణ: ముందు కిటికీలోంచి చూడాలి. ఎదురింట్లో దీపం వెలుగుతుంటే తేడా మన ఇంట్లోనే. బోర్డులో ఎంసీబీ, అంటే లోడు ఎక్కువైతే దానంతట అదే ఆగిపోయే స్విచ్చు, పడిందేమో చూసి పైకి లేపాలి. లేపగానే మళ్ళీ పడితే మొండికేయకుండా ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. వీధంతా చీకటైతే కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోను చేయాలి. ఫ్రిజ్ తలుపు తీయకపోతే నాలుగు గంటల దాకా చల్లదనం నిలుస్తుంది. ఇస్త్రీ పెట్టె, గీజరు స్విచ్చులు ఆపేయాలి. ఇన్వర్టరు బ్యాటరీలో నీళ్ళు చూసుకుంటూ ఉండాలి.

శ్రీను: మొన్ననే పోశాను. ఏసీ పైపు కింద బకెట్ పెట్టి పట్టిన నీళ్ళు.

అరుణ: ఏమిటీ?

శ్రీను: గాలిలో తేమ చల్లబడి నీరైంది. డిస్టిల్డ్ వాటర్ అన్నా అంతేగా? అంగట్లో కొనడం దేనికి?

అరుణ: శ్రీనూ, ఆ నీళ్ళు రాగి గొట్టాల మీద, అల్యూమినియం రేకుల మీద పేరుకున్న దుమ్మునంతా కడుక్కుంటూ, నాచు పట్టిన పైపులోంచి కారతాయి. బ్యాటరీ లోపల ఉన్నవి సీసం పలకలు. వేరే లోహాల మలినం చేరితే, నువ్వు వాడకపోయినా ఛార్జి దానంతట అదే దిగిపోతుంది.

శ్రీను: మూడేళ్ళుగా అవే పోస్తున్నాను. పని చేస్తూనే ఉంది.

అరుణ: కరెంటు పోతే ఎంతసేపు వస్తోంది?

శ్రీను: రెండు ఫ్యాన్లకు... గంటన్నర.

అరుణ: బ్యాటరీ ఎంతది?

శ్రీను: 150 ఏహెచ్, అంటే ఆంపియర్ అవర్లు.

అరుణ: 12 వోల్టులతో గుణిస్తే 1800 వాట్ అవర్లు. పాత ఫ్యాన్లు రెండూ కలిపి 150 వాట్లు అనుకో. కాగితం మీద పన్నెండు గంటలు. నష్టాలు పోను ఏడెనిమిదైనా రావాలి. నీకు గంటన్నర!

శ్రీను: పాత బ్యాటరీ కదా అక్కా.

అరుణ: కొని ఎన్నేళ్ళయింది?

శ్రీను: మూడు.

(నవ్వులు)

శ్రీను: అందుకే అంటాను, విసనకర్రకు నీళ్ళు పోసే పని లేదని.

అరుణ: వట్టివేళ్ళదైతే ఉంది. అమ్మ తడిపి విసిరితే గదంతా వాసన.

శ్రీను: హుద్‌హుద్ తుపాను అప్పుడు విసిరింది అదేనా?

అరుణ: కాదు, అది తాటాకుది. 2014 అక్టోబరు 12, ఆదివారం. గాలికి మా వంటింటి కిటికీ రెక్క ఎగిరిపోయింది. ఆ తర్వాత మా వీధికి ఆరు రోజులు కరెంటు లేదు.

శ్రీను: నీ ఫోను మూడో రోజుకు కలిసింది. నీళ్ళున్నాయా అని అడిగితే ఏడ్చావు.

అరుణ: మోటారు నడవదు, ట్యాంకు ఖాళీ. అద్దెకున్నది నాలుగో అంతస్తు. కింద నుంచి బిందెలతో మోసుకోవడమే. పిల్లవాడికి ఏడాది నిండలేదు. అమ్మ రాత్రంతా వాడి పక్కన కూర్చుని విసిరేది. చెయ్యి ఆగితే వాడు కదిలేవాడు. వాడు కదిలితే తను కునుకులోనే మళ్ళీ విసిరేది. నాలుగో రోజు పొద్దున కాఫీ గ్లాసు ఎడమ చేత్తో అందుకుంది. ఏమిటా అని చూస్తే కుడి బొటనవేలి మొదట్లో బొబ్బ.

శ్రీను: నాకు చెప్పలేదు.

అరుణ: చెప్పవద్దంది.

(కాసేపు మౌనం)

శ్రీను: ఆ విసనకర్ర ఉందా?

అరుణ: బీరువా మీద ఉంది. అంచుకు తన ఎర్ర జాకెట్టు గుడ్డ కుట్టింది. నీకు ఇవ్వను.

శ్రీను: నేను అడగలేదు.

అరుణ: అడుగుతావు. ఇంతకూ డిస్టిల్డ్ వాటర్ కొంటావా, లేదా?

శ్రీను: కొత్త బ్యాటరీ కొన్నాక ఆలోచిస్తాను. అక్కా, మీ ఇంట్లో వాన పడుతోందా? ఆ చప్పుడేమిటి?

అరుణ: వాన ఎక్కడ... అయ్యో, ట్యాంకు! కరెంటు ఎప్పుడు వచ్చిందో, మోటారు స్విచ్చు పొద్దున వేసింది వేసినట్టే ఉంది. మెట్ల మీద నుంచి కారుతోంది. ఉండు.

శ్రీను: సరే, అక్క వచ్చేలోగా తాటాకు విసనకర్ర ఎంచుకునేటప్పుడు ముందు పిడి చూడాలి. ఈనె...

అరుణ (దూరం నుంచి): రికార్డింగ్ ఆపు!