పే షీట్‌లో పెరిగిన జీతం

అందరికీ నమస్కారం.

కనీస వేతనం పెంచాలా వద్దా అన్న విషయం మీద మాట్లాడమన్నారు. నేను ఆర్థికశాస్త్రం చదివినవాణ్ణి కాదు. గాజువాక వైపు ఒక లేబర్ కాంట్రాక్టరు దగ్గర పదకొండేళ్లు మస్టరు రాశాను, పే షీట్లు తయారు చేశాను. నాకు తెలిసినంతా ఆ షీట్ల నుంచి తెలిసిందే, కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఏటా ఏప్రిల్ 1న, అక్టోబరు 1న కరువు భత్యం మారుతుంది. ధరల సూచీని బట్టి రోజు కూలి కొద్దిగా పెరుగుతుంది. కొత్త రేట్ల కాగితం రాగానే షీట్‌లో అంకెలు మార్చేవాణ్ణి. బేసిక్ కింద డీఏ, పీఎఫ్, మొత్తం అన్నీ మారేవి. కూలీల చేతిలో మిగిలేది మాత్రం మారేది కాదు. జీతం బ్యాంకులో పడ్డ మర్నాడు సూపర్‌వైజరు సైట్‌కి వెళ్లి, పెరిగిన తేడాని నోట్లుగా వెనక్కి తీసుకునేవాడు. కొందరి ఏటీఎం కార్డులైతే మా ఆఫీసు బీరువాలోనే ఉండేవి. ఇవ్వనన్న మనిషి గేట్ పాస్ రెన్యువల్ కాదు, అంతే. ఆ షీట్ల మీద వాళ్ల చేత సంతకాలు, వేలిముద్రలు పెట్టించింది నేనే. ఇది చెప్పకుండా ఈ చర్చలోకి దిగే హక్కు నాకు లేదు.

జీతం పెంచితే ఉద్యోగాలు పోతాయని అంటారు. ఈ భయాన్ని నేను కొట్టిపారేయను. పూర్ణామార్కెట్ సందులో నలుగురితో టిఫిన్ హోటల్ నడిపే మనిషికి నెలకు ఇంకో ఆరు వేలు ఖర్చంటే నిజంగానే టెన్షన్. ఇడ్లీ ప్లేటు మీద ఐదు రూపాయలు పెంచితే ఎదురు హోటల్‌కి పోతారు. అయితే ఎదురు హోటల్ కూడా అదే జీతం ఇవ్వాల్సి వస్తే? చట్టం చేసే పని అదే.

అమెరికాలో డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు దీన్ని లెక్కగట్టి చూశారు. 1992 ఏప్రిల్‌లో న్యూజెర్సీ రాష్ట్రం గంట కూలిని 4.25 డాలర్ల నుంచి 5.05 డాలర్లకు పెంచింది. పక్కనే ఉన్న పెన్సిల్వేనియా పెంచలేదు. రెండు చోట్లా ఫాస్ట్‌ఫుడ్ షాపుల్ని పోల్చి చూస్తే, పెంచిన చోట పనులు తగ్గిన దాఖలా కనబడలేదు. దాని మీద వాదనలు చాలా జరిగాయి, ఇంకా జరుగుతున్నాయి. కార్డ్‌కి 2021లో నోబెల్ వచ్చింది. అమెరికా లెక్క మనకి అచ్చంగా సరిపోతుందని నేననను. కానీ పనులు ఎందుకు పోలేదో మాత్రం నాకు అర్థమైంది. శ్రీకాకుళం పల్లె నుంచి వచ్చి కూర్మన్నపాలెంలో రూమ్ తీసుకుని, కిరాణా కొట్లో ఖాతా పెట్టుకున్న మనిషి బేరం ఆడలేడు. ఈ కాంట్రాక్టరు కాకపోతే ఇంకో కాంట్రాక్టరు, రేటు ఒకటే. అక్కడ కూలి తక్కువగా ఉన్నది పని విలువ తక్కువై కాదు, అడిగే దారి లేక. అలాంటి చోట కూలి కొంత పెంచినా పని ఆగదు.

ఎంత పెంచాలన్న దానికి కొలత 1957లోనే ఉంది. ఆ ఏడాది 15వ భారత కార్మిక సదస్సు కుటుంబాన్ని మూడు యూనిట్లుగా, అంటే ముగ్గురు పెద్దల తిండిగా లెక్కేసి, ఒక్కో యూనిట్‌కి రోజుకు 2,700 కేలరీల తిండి, ఇంటికి ఏడాదికి 72 గజాల బట్ట, అద్దె, వీటి మీద వంటచెరకు, దీపాల వంటి వాటికి 20 శాతం అంది. పిల్లల చదువు, వైద్యం, ముసలితనం వంటివాటికి ఇంకో 25 శాతం కలపాలని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. కేంద్రం నియమించిన సత్పథీ కమిటీ 2019లో తిండి లెక్కను 2,400 కేలరీలకు దించి కూడా రోజుకు 375 రూపాయలు ఉండాలంది. అదే ఏడాది దేశం మొత్తానికీ కేంద్రం ప్రకటించిన కనీస మట్టం 178 రూపాయలు. అంతకుముందు 176. రెండేళ్లకి రెండు రూపాయలు! ఇక్కడ నాకు కోపం ఆగదు.

అందుకే నా మాట: పెంచాలి, గట్టిగానే పెంచాలి. కానీ పెంచితే ఏమవుతుందని వాదించుకునే ముందు, మొన్న పెరిగింది ఎవరికి చేరిందో చూడాలి. చేరని పెంపు వల్ల పనులు పోయాయనడం ఎలా?

ఇందులో నిజాయితీగా ఇచ్చే కాంట్రాక్టరు కూడా నష్టపోతున్నాడు. టెండరు తక్కువ కోట్ చేసినవాడికే వెళుతుంది. కనీస వేతనం, పీఎఫ్, ఈఎస్ఐ కలిపితే వచ్చే మొత్తం కంటే తక్కువకి ఒకడు కోట్ చేశాడంటే, ఆ తేడా ఎవరి జేబులోంచి వస్తుందో టెండరు తెరిచిన వాళ్లకి అర్థం కాదా? 1970 కాంట్రాక్టు లేబర్ చట్టంలోనే కాంట్రాక్టరు ఎగ్గొడితే అసలు యజమానే కట్టాలని రాశారు. కనీస వేతనం కన్నా తక్కువకి పని చేయించడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీ అవుతుందని ఢిల్లీ ఏషియాడ్ క్రీడల కోసం కట్టడాల్లో పనిచేసిన కూలీల కేసులో సుప్రీంకోర్టు 1982లోనే తేల్చింది. 2025 నవంబరు 21 నుంచి వేతనాల కోడ్ అమల్లోకి వచ్చింది. ఇంతకుముందు షెడ్యూల్లో పేరున్న పనులకే కనీస వేతనం, ఇప్పుడు అన్ని పనులకీ వర్తిస్తుంది. మంచిదే. కానీ మా ఆఫీసు బీరువా ఏ చట్టానికీ తెరుచుకోలేదు.

ఇక్కడున్న చాలామంది ఎంవీపీ కాలనీలోనో సీతమ్మధారలోనో మధురవాడలోనో అపార్ట్‌మెంట్లలో ఉంటారు. మీ గేటు దగ్గర వాచ్‌మన్ పన్నెండు గంటల డ్యూటీ చేస్తాడు. మామూలు పనిగంటలు దాటితే రెట్టింపు రేటు ఇవ్వాలి. సెక్యూరిటీ ఏజెన్సీకి మీ అసోసియేషన్ ఒక్కో మనిషికి ఎంత కడుతోందో ఈ నెల బిల్లులో చూడండి. తర్వాత కిందికి దిగి అతనికి ఎంత అందుతోందో అడగండి. ఒంటరిగా ఉన్నప్పుడే అడగండి. సూపర్‌వైజరు పక్కనుంటే చెప్పడు.