పటంలో పచ్చగా శ్రీకాకుళం: ఆడవాళ్ల కేన్సర్ మరణాలపై చర్చ

(శ్రీకాకుళం స్టూడియోలో జరిగిన చర్చకు అక్షర రూపం. మాటలు సవరించలేదు. పాల్గొన్నవారు: రేడియేషన్ కేన్సర్ వైద్యుడు, గణాంక శాస్త్రం లెక్చరర్, ఏఎన్ఎంల (ఊళ్లలో ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తల) సంఘం ప్రతినిధి, ఉద్దానం ప్రాంతపు మాజీ సర్పంచ్.)

యాంకర్: నమస్కారం. అందరి ఫోన్లలోనూ తిరుగుతున్న పటం ఇదే. ఆడవాళ్లలో కేన్సర్ మరణాల రేటు, జిల్లాలవారీగా. విశాఖ ఎర్రగా ఉంది, అంటే ఎక్కువ. శ్రీకాకుళం, విజయనగరం పచ్చగా ఉన్నాయి, అంటే తక్కువ. కిడ్నీ జబ్బుకు పేరుపడ్డ ఉద్దానం ప్రాంతం ఉన్న జిల్లా పచ్చగా ఎలా ఉంటుందండీ? ఆ నీళ్లలో ఏదో ఉందని చిన్నపిల్లాడికీ తెలుసు. నిజం దాస్తున్నారా? ఈ రోజు అందరికీ సమానంగా సమయం ఇస్తాం. ముందు లెక్చరర్ మేడమ్, రెండు నిమిషాలు.

లెక్చరర్: ఈ పటం కింద అసలు మాటే రాయలేదు. ఇది ముడి రేటా, అంటే మరణాలను ఉన్న జనాభాతో నేరుగా భాగించిందా, లేక జిల్లాల మధ్య వయసుల తేడా తీసేసి లెక్కగట్టిన, వయసు సవరించిన రేటా? మన దగ్గర్నుంచి పనిచేసే వయసువాళ్లు విశాఖకీ హైదరాబాద్‌కీ చెన్నైకీ వెళ్లిపోతారు, ఊళ్లో పెద్దవాళ్లు మిగులుతారు. కేన్సర్ ఎక్కువగా పెద్ద వయసులో వచ్చేది కనక ముడి రేటైతే మన జిల్లాలో ఎక్కువ కనిపించాలి. అలాంటిది తక్కువ కనిపించిందంటే...

డాక్టర్: లెక్కలోకి రాలేదని! అంతే కదా మేడమ్.

లెక్చరర్: అంతే కాదండీ, వయసు సవరణ అంటే...

డాక్టర్: నేను చెప్తాను. 1969 జనన మరణాల నమోదు చట్టం ప్రకారం మనిషి ఎక్కడ చనిపోతే మరణం అక్కడ నమోదవుతుంది. పలాస ఆవిడ విశాఖ ఆసుపత్రిలో పోయిందనుకోండి, అది విశాఖ ఖాతా. రేడియేషన్ కోసం జనం విశాఖలోని అగనంపూడి హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రికో, సర్కారు ఆసుపత్రి కేజీహెచ్‌కో పోతున్నారు. వాళ్లలో కొందరు అక్కడే పోతారు. విశాఖ ఎర్రబడ్డ రంగులో సగం మన రంగేనండీ.

యాంకర్: సగం అని లెక్క ఉందా?

డాక్టర్: మాటవరసకన్నాను. ఇక రెండోది...

యాంకర్: నీళ్ల సంగతి?

డాక్టర్: వస్తాను, వస్తాను. ఇంట్లో పోయినవాళ్ల సంగతి ముందు. ఆసుపత్రిలో పోతే ఫారం 4, బయట పోతే ఫారం 4ఏ మీద వైద్యుడు కారణం రాయాలి. దేశం మొత్తం మీద 2021లో నమోదైన మరణాల్లో వైద్యుడు కారణం ధ్రువీకరించినవి 23.4 శాతం. రాసినచోట కూడా ఏం రాస్తారు? "గుండె, ఊపిరి ఆగిపోయాయి". ఎవరు పోయినా అవి ఆగిపోతాయి కదండీ! మొదటి వరసలో అది పెట్టి, కింద వరసలో అసలు జబ్బు రాయకుండా వదిలేస్తే, మరణ కారణాలకి కోడు వేసేవాళ్లకి కేన్సర్ ఎక్కడ కనబడుతుంది?

సర్పంచ్: మా ఊళ్లల్లో అయితే మరీనండి. ఆడకూతురు పోతే మూడో రోజుకే పనులన్నీ అయిపోతాయి. ధ్రువపత్రం కావాలంటే పొలం పేరు మార్చుకోడానికి గానీ, ఇన్సూరెన్సుకు గానీ. ఆ రెండూ ఆడోళ్ల పేర్న తక్కువ కదేటి.

యాంకర్: మంచి మాట. కానీ సర్పంచ్ గారూ, మీ ఊళ్లో బోరు నీళ్లు తాగినవాళ్లకే...

సర్పంచ్: ఉద్దానంలో కిడ్నీ జబ్బుంది, అది నిజిం. కారణం ఇదీ అని ఇప్పటికీ ఎవులూ తేల్చలేదు. కేన్సరుకి కూడా అదే నీరని నాను సెప్పలేను బాబూ.

యాంకర్: అనుమానం ఉందా, లేదా?

సర్పంచ్: అనుమానం దేని మీదైనా ఉంటాది.

(వెనక నవ్వులు)

లెక్చరర్: ఒక్క పోలిక చెప్పనివ్వండి. కేన్సర్ కేసులు నమోదు చేసే జాతీయ కేన్సర్ రిజిస్ట్రీ 2012-16 లెక్కల్లో ఆడవాళ్లలో ఎక్కువ అరుణాచల్‌లోని పాపుంపారే, లక్షకు 219.8. తక్కువ మహారాష్ట్రలో ఉస్మానాబాద్-బీడ్, 49.4. ఇవి కొత్తగా వచ్చిన కేసులు, వయసు సవరించినవి. మరణాలు కావు. పటం పంచుకునేవాళ్లు ఈ రెంటినీ కలిపేస్తున్నారు. కేసులు ఎక్కువున్నచోట మరణాలూ ఎక్కువ ఉండాలని లేదు. తొందరగా కనిపెట్టి వైద్యం పూర్తిచేస్తే కేసులు పెరుగుతూ మరణాలు తగ్గొచ్చు. కనక చూడాల్సింది నూరు కేసులకు ఎన్ని మరణాలు...

డాక్టర్: అదే అదే! నేను మొదట్నుంచీ అంటున్నది అదే. వైద్యం పూర్తవడం! గర్భాశయ ముఖద్వార కేన్సర్ తీసుకోండి. ముదిరాక వస్తే బయటి నుంచి 25 సార్లు రేడియేషన్, వారానికి ఐదు రోజులు. వారానికోసారి కేన్సర్ మందు సిస్‌ప్లాటిన్, చదరపు మీటరుకు 40 మిల్లీగ్రాములు. ఆ తర్వాత లోపల పెట్టే రేడియేషన్, బ్రాకీథెరపీ. ఇదంతా 56 రోజుల్లో ముగియాలి. దాటితే రోజుకు ఒక శాతం దాకా ఫలితం పడిపోతుంది. మన ఆడవాళ్లు 15 సార్లయ్యాక సంక్రాంతికి ఊరొస్తారు. రక్తస్రావం ఆగిపోయింది కనక తగ్గిపోయిందనుకుంటారు. మళ్లీ వచ్చేసరికి నెల. ఆ మధ్యలో మిగిలిన కణాలు పెరిగి కూర్చుంటాయి.

ఏఎన్ఎం: సంక్రాంతి ఒక్కటే కాదు సార్, జీడి పిక్కల రోజులు కూడా. కూలి పోద్దని...

డాక్టర్: అవును, జీడి రోజులు. సర్కారు ఉచిత వైద్య పథకం ఎన్టీఆర్ వైద్య సేవ ప్యాకేజీ ఇస్తుందండీ, కాదనను. తోడొచ్చిన మనిషి కూలి ఎవరిస్తారు? ఐదారు వారాలు విశాఖలో ఎక్కడుంటారు? ఇచ్ఛాపురం నుంచి రోజూ వచ్చిపోలేరు కదా.

యాంకర్: అంటే దూరమే హంతకుడు! శీర్షిక వేయండి. అయినా ఇంకో కోణం, కళింగపట్నం, భావనపాడు ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం ఉంది. అందులో థోరియం ఉంది. రేడియోధార్మికత...

డాక్టర్: కేరళలో కరునాగపల్లిలో దాదాపు డెబ్భై వేలమందిని ఏళ్ల తరబడి గమనించారు. అక్కడి ఇసుకలో మోనజైట్ మెండు. కేన్సర్ ఎక్కువైందని తేలలేదు. 2009లో అచ్చయింది.

యాంకర్: ఇసుక కాదు, సరే. నీళ్లు?

లెక్చరర్: పటం గురించి మాట్లాడుతున్నాం కదండీ...

యాంకర్: ఒక కాలర్ ఉన్నారు. కవిటి నుంచి.

కాలర్: సార్, మా వీధిలో సెల్ టవర్ పెట్టారు. దాని వల్లేనా ఇదంతా?

డాక్టర్: టవర్ తరంగాలకు డీఎన్ఏను విరిచే శక్తి లేదండీ. ఎక్స్‌రే వేరు, ఇది వేరు. మీ ఇంట్లో ఎవరైనా అడ్డపొగ తాగుతారా?

కాలర్: మా నాయనమ్మ తాగుతాది సార్.

డాక్టర్: టవర్ని వదిలేసి నాయనమ్మ నోరు చూపించండి. అంగిలి చూడాలి, అంగిలి! నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని పీల్చే చుట్ట ఇది. మామూలుగా నోటి కేన్సర్ బుగ్గ లోపలో, నాలుక పక్కనో వస్తుంది. అడ్డపొగలో సెగ, పొగ నేరుగా పైకి తగులుతాయి. అంగిలి బూడిదరంగుకి తిరుగుతుంది, ఎర్రచుక్కల బొడిపెలు లేస్తాయి, తెల్ల మచ్చలు పడతాయి. మచ్చలో ఎరుపు కలిసినా, మానని పుండు పడినా వెంటనే ముక్క తీసి పరీక్షకు పంపాలి. 1960లలో టాటా సంస్థ దంత పరిశోధకులు, డెన్మార్క్ వాళ్లు కలిసి ఐదు జిల్లాల్లో 50,915 మంది నోళ్లు చూశారు. అందులో మన జిల్లా ఒకటి. ప్రపంచమంతా అడ్డపొగ గురించి చదువుకున్నది మన ఊళ్ల నుంచి వెళ్లిన లెక్కలే. మనకే పట్టదు.

ఏఎన్ఎం: సార్, ఒక మాట. మాకిచ్చిన శిక్షణలో బుగ్గలు, నాలుక, నాలుక కింద చూడమన్నారు. పైకి చూడాలంటే మనిషి తల వెనక్కి వాల్చి, టార్చి కింద్నుంచి కొట్టాలి. కట్టుడు పళ్లుంటే ముందు తీయించాలి. రోజుకి ఇన్ని ఇళ్లని టార్గెట్ ఇస్తే ఎవరు సేత్తారండి? సగం మంది గుమ్మంలోనే "బాగానే ఉన్నాను ఎల్లమ్మా" అంటారు. యాప్‌లో "సాధారణం" నొక్కేస్తాం.

యాంకర్: ఒప్పేసుకున్నారు!

ఏఎన్ఎం: ఒప్పుకోడమేటండి, అందరికీ తెలిసిందే. గర్భసంచి ముఖం పరీక్ష ఇంకా కష్టం. అసిటిక్ యాసిడ్ 5 పాళ్లు, డిస్టిల్డ్ వాటర్ 95 పాళ్లు, ఏ రోజుది ఆ రోజే కలపాలి. మొన్నటిది వాడితే, తేడా ఉన్నచోట తేలాల్సిన తెల్లమచ్చ తేలదు. దూదితో రాసి నిండుగా ఒక నిమిషం ఆగాలి. పది మంది బయట నిలబడి ఉంటే అర నిమిషానికే తీసేస్తారు. లైటు సరిగా ఉండదు. గదికి గొళ్లెం ఉండదు. ఆశా వర్కరు తలుపు పట్టుకు నిలబడాలి. యాభై దాటినోళ్లకి ఆ చోటు లోపలికి ఎల్లిపోద్ది, కంటికి కనబడదు. అయినా అరవై ఐదేళ్ల వరకూ సెయ్యమంటారు.

లెక్చరర్: జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో దేశంలో 30-49 ఏళ్ల ఆడవాళ్లలో ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించుకున్నవాళ్లు 1.9 శాతం. తమిళనాట 9.8. ఈ తేడాయే పదేళ్ల తర్వాత మరణాల పటంలో...

డాక్టర్: పరీక్ష దగ్గర ఆగిపోకండి మేడమ్! తెల్లమచ్చ కనబడ్డాక ఏం చేశారు? అదే రోజు వేడి పరికరంతో కాల్చేయొచ్చు. మన దగ్గర "పెద్దాసుపత్రికి వెళ్లు" అని చీటీ ఇస్తాం. చీటీ పట్టుకుని ఎంతమంది వెళ్లారో అడగండి.

యాంకర్: నేను అడిగేది నీళ్ల గురించి డాక్టరుగారూ. ఉద్దానం. సూటిగా.

డాక్టర్: అడిగారు కనక చెప్తాను, వినండి. నీళ్లకీ కేన్సర్‌కీ లంకె పెట్టకండి, కిడ్నీకీ కేన్సర్ మరణానికీ లంకె ఉంది. గర్భాశయ ముఖద్వార కేన్సర్ పక్కలకి పాకితే మూత్రనాళాలను నొక్కేస్తుంది. మూత్రం దిగదు. కిడ్నీలు ఉబ్బి పాడవుతాయి. కిడ్నీ పనితీరు చూపే క్రియాటినిన్ ఎనిమిది, పది దాకా పోతుంది. ఆ మనిషి ఉద్దానం మనిషైతే ఏమంటారు? "కిడ్నీ జబ్బు". డయాలసిస్ మొదలెడతారు. గర్భాశయ ముఖద్వారం చూడరు. పోయాక కాగితం మీద కిడ్నీ అనే రాస్తారు.

సర్పంచ్: మరెలగ తెలుస్తాది?

డాక్టర్: స్కాన్! మామూలు అల్ట్రాసౌండ్! ఉద్దానం జబ్బులో కిడ్నీలు ముడుచుకుని చిన్నవవుతాయి. కేన్సర్ నొక్కితే రెండూ నీరు నిండి ఉబ్బుతాయి. అంతే తేడా. ఉబ్బి కనబడిన ప్రతి ఆడమనిషికీ గర్భాశయ ముఖద్వారం చూసే పరికరం, స్పెక్యులమ్, పెట్టి చూడాలి. సన్న గొట్టం వేస్తే మూత్రం దిగుతుంది, క్రియాటినిన్ పడుతుంది, అప్పుడు వైద్యం ఇవ్వొచ్చు. ఇంకొకటి, ముందే కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకి సిస్‌ప్లాటిన్ ఇవ్వలేం, అది కిడ్నీనే కొడుతుంది. అంటే ఉద్దానం ఆడవాళ్లకి కేన్సరొస్తే వాళ్లకి ఒక ఆయుధం తగ్గిపోయినట్టే.

యాంకర్: చూశారా! చివరికి ఉద్దానం దగ్గరికే వచ్చాం. కింద స్క్రోలింగ్ వేయండి, "ఉద్దానం నీటికి, కేన్సర్‌కు లంకె: డాక్టర్".

డాక్టర్: అలా అనలేదండీ!

లెక్చరర్: అస్సలు అనలేదు. మీరు తీసేయండి అది.

యాంకర్: లంకె ఉందని అన్నారు కదా.

డాక్టర్: కిడ్నీకి అన్నాను. సరే, అది పోనీండి. అసలు ముఖ్యమైనది మిగిలిపోయింది. గర్భసంచి తీసేయడం! మన రాష్ట్రంలో 2015-16 సర్వే నాటికి 15-49 ఏళ్ల ఆడవాళ్లలో దాదాపు 9 శాతానికి తీసేశారు. దేశంలో 3.2. తెల్లబట్ట అవుతోంది, రక్తం పోతోంది, తీసేయండి. లోపల కేన్సర్ ఉందో లేదో ముఖద్వారం కణాలు తీసి చూసే పాప్ పరీక్ష చేయకుండానే. ఉన్నప్పుడు మామూలు ఆపరేషన్ చేస్తే చుట్టూ మిగిలిపోతుంది. మచ్చకట్టిన చోట రేడియేషన్ సరిగ్గా గురిపెట్టలేం, పేగుకి దెబ్బ ఎక్కువ. ఆపరేషన్‌కి ముందు స్పెక్యులమ్, పాప్, అనుమానమొస్తే ముక్క పరీక్ష. ఖర్చు ఎంతని?

లెక్చరర్: పైగా గర్భసంచి లేనివాళ్లను కూడా జనాభాలో కలిపి భాగిస్తే రేటు తక్కువ కనబడుతుంది. పచ్చరంగుకి అదొక కారణం...

యాంకర్: సమయం తక్కువుంది. గర్భాశయ ముఖద్వార కేన్సర్ రాకుండా ఆడపిల్లలకి వేసే హెచ్‌పీవీ టీకా గురించి ఒక్క మాట.

ఏఎన్ఎం: 2009లో ఖమ్మంలో ఆడపిల్లలకి వేసి మధ్యలో ఆపేసిన సంగతి జనం ఇంకా మర్చిపోలేదండి. అనుమతి సంతకాలు ఎవరు పెట్టారన్నది పెద్ద గొడవైంది. ఇప్పుడు మేం ఎల్తే అదే అడుగుతారు.

డాక్టర్: ఆపింది 2010లో. అక్కడ తప్పు అనుమతుల దగ్గర. టీకా వల్లే పిల్లలు పోయారని తేలలేదు. ఇప్పుడు ఒక్క డోసు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే 2022లో చెప్పింది. కానీ ఈ రోజు యాభై ఏళ్లున్న ఆవిడకి టీకా అక్కరకు రాదు. ఆవిడకి కావాల్సింది స్కానూ, స్పెక్యులమూ, విశాఖలో ఐదారు వారాల బసా!

సర్పంచ్: బస సరే, ముందు బస్సు సంగతి సూడండి. డయాలసిస్ వోళ్లకి పింఛనిస్తన్నారు. కరెంటు పెట్టించుకునే ఆడోళ్లకీ అలగే ఇవ్వమనండి.

డాక్టర్: రేడియేషన్ని కరెంటనకండి, ఆ మాటకే సగం మంది పారిపోతారు.

సర్పంచ్: మా కాడ అలగే అంటారు సార్, ఏటంటే ఏటి...

(ముగ్గురూ ఒకేసారి)

యాంకర్: ఒక్క నిమిషం, ఒక్క నిమిషం. అందరి వాదనలూ సమానంగా విన్నాం. డాక్టరుగారు స్పష్టంగా చెప్పారు, సమస్య ఉద్దానంలోనే ఉందని. ప్రేక్షకులు ఓటు వేయవచ్చు: పటం నిజమా, అబద్ధమా? నీళ్లా, కాదా?

లెక్చరర్: ఆ ప్రశ్నే తప్పండీ, ముడి రేటును పెట్టుకుని...

డాక్టర్: మేడమ్, దానికి నేను రెండు ముక్కల్లో చెప్తాను. రిజిస్ట్రీ. విశాఖలో హోమీ భాభా వాళ్లు నడుపుతున్నారు. శ్రీకాకుళానికి కూడా అలాంటిది పెట్టి, విశాఖలో పోయినవాళ్లను సొంత ఊరి చిరునామాతో వెనక్కి తెచ్చి కలిపితే...

యాంకర్: విరామం తర్వాత కొవ్వాడ అణు కేంద్రం మీద...

డాక్టర్: కట్టనేలేదు కదండీ అది! నన్ను ముగించనివ్వండి, చిరునామా రాసేటప్పుడు ఆరు నెలలుగా ఎక్కడుంటున్నారన్నది కాకుండా...

(మైకులు ఆపేశారు)