ఎవరికి అందుబాటు?

సభకు నమస్కారం.

ఈ సాయంత్రం ఒకే ఒక్క ఇంగ్లీషు విశేషణం గురించి మాట్లాడతాను. యాక్సెసిబుల్. పత్రికల్లో, ప్రకటనల్లో, ప్రభుత్వ పత్రాల అనువాదాల్లో ఈ మాట ఎదురైన ప్రతిచోటా మనం 'అందుబాటులో ఉన్న' అని రాసుకుంటూ పోతున్నాం. 'అవైలబుల్' వచ్చినా అదే రాస్తున్నాం. ఇక్కడ చెన్నైలో ఏళ్ల తరబడి అనువాదాలు చేస్తున్న నేనూ అలాగే రాశాను. అది ఎంత పొరపాటో మా పెద్దమ్మ మాట వల్ల తెలిసింది.

పెద్దమ్మ పెరంబూరులో ఉంటుంది. పక్షవాతం వచ్చినప్పటి నుంచి చక్రాల కుర్చీలోనే తిరుగుతుంది. ఒక వైద్యశాలకు తీసుకెళ్లే ముందు ఫోను చేసి, లిఫ్టు ఉందా అని అడిగాను. ఉందన్నారు. తీరా వెళ్తే, వీధి గుమ్మం నుంచి నాలుగు మెట్లెక్కితే గాని లిఫ్టు తలుపు రాదు. వాన నీరు లోపలికి రాకుండా నేలను ఎత్తు చేసి కట్టారు, లిఫ్టును ఆ ఎత్తు మీద నిలబెట్టారు. ఇద్దరు కుర్రవాళ్లు ఆమెను కుర్చీతో సహా ఎత్తి లోపలికి మోశారు. తిరిగి వస్తుంటే పెద్దమ్మ కిటికీలోకి చూస్తూ, "లిఫ్టు ఉందిరా, నాకే అందలేదు" అంది.

ఉండటం, దొరకడం, అందడం. ఈ మూడింటికీ మన భాషలో మూడు వేర్వేరు క్రియలు మొదటి నుంచీ ఉన్నాయి. బజారులో మందు దొరుకుతుంది. ఆ దుకాణం ముందు పది మెట్లుంటే అది పెద్దమ్మకు అందదు. దొరకడం అవైలబుల్, అందడం యాక్సెసిబుల్. చెట్టు మీద పండు ఉన్నంత మాత్రాన అందినట్టు కాదని పిల్లలకు కూడా తెలుసు. అంత స్పష్టమైన తేడాను మనం 'అందుబాటులో' అనే ఒక్క మూటలో కట్టిపడేశాం.

ఆ మాట ఎలా ఏర్పడిందో కూడా చూడండి. అందు, పాటు కలిసి అందుబాటు అయింది. కట్టుబాటు, సర్దుబాటు, దిద్దుబాటు కూడా ఇలా పుట్టినవే. కాబట్టి తప్పు మాటది కాదు, వాడకానిది. 'నాకు అందలేదు' అన్నప్పుడు 'నాకు' అనక తప్పదు. 'అందుబాటులో ఉంది' అనగానే ఆ మనిషి వాక్యంలోంచి జారిపోతాడు. ఎవరికి అనే ప్రశ్న పుట్టకుండానే వాక్యం ముగిసిపోతుంది.

ఇంగ్లీషులోనూ ఈ విశేషణం పక్కన చిన్న మాటలు చేరి అర్థాన్ని నిలబెడతాయి. వెనుక 'టు' వస్తే ఎవరికి, 'బై' వస్తే ఏ దారిన, 'ఫ్రమ్' వస్తే ఎక్కడి నుంచి. మన కి, ద్వారా, నుంచి ఆ పనే చేస్తాయి. 'పడవలో మాత్రమే చేరగల ఊరు' అన్నప్పుడు అందుబాటు అక్కర్లేదు, 'చేరగల' చాలు. లాటిన్‌లో యాక్సెసిబుల్ మూలానికి దగ్గరకు వెళ్లడం అనే అర్థం. సంస్కృతంలో గమ్ ధాతువు ఇచ్చే అర్థమూ దాదాపు అదే. దివ్యాంగులు ఎక్కడికైనా సులువుగా వెళ్లగలగాలని 2015 డిసెంబరు 3న కేంద్రం ప్రారంభించిన సుగమ్య భారత్ అభియాన్ పేరులో ఉన్నది ఆ ధాతువే. దానికి ఎదురు మాట మనకు ఊరి పేర్లలోనే ఉంది: రాయదుర్గం, కళ్యాణదుర్గం. దుర్గం అంటే వెళ్లడానికి కష్టమైన చోటు. శత్రువు రాకూడదని కట్టుకున్నది కోట. ఆసుపత్రినీ బడినీ అలా ఎందుకు కడుతున్నామో నాకు బోధపడదు.

మెరీనా మన అందరిదీ అంటాం. టికెట్టు లేదు, గేటు లేదు. కానీ రోడ్డుకూ నీటికీ మధ్య ఉన్న ఇసుకలో చక్రం దిగబడుతుంది. కొన్నేళ్లు డిసెంబరులో కొద్ది రోజుల పాటు తాత్కాలిక బాట వేసి, తీసేసేవారు. 2022 నవంబరు 27న వివేకానంద ఇల్లం ఎదురుగా 263 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు ఉన్న చెక్కబాటను శాశ్వతంగా తెరిచారు. రెండు వారాలైనా గడవకముందే మాండస్ తుపాను దాన్ని దెబ్బతీసింది, మళ్లీ బాగుచేశారు. పెద్దమ్మను అక్కడికి తీసుకెళ్లాను. చెక్కబాట చివర కుర్చీ ఆపమని, చాలాసేపు ఏమీ మాట్లాడకుండా అలల వైపే చూసింది. నలభై ఏళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్న మనిషి. సముద్రం ఎప్పుడూ ఉంది. ఆ రోజు అందింది.

ఇదే విశేషణాన్ని పుస్తకానికి వాడితే సులభంగా అర్థమయ్యేదని అర్థం. దీన్ని కాస్త చిన్నచూపుతో, లోతు లేనిదన్న ధ్వనితో వాడేవారున్నారు. నేను ఒప్పుకోను. 'భావం అందింది' అనడం మన భాషలో మెచ్చుకోలు. గిడుగు రామమూర్తిగారు వ్యావహారిక భాష కోసం పోరాడింది చదువు అందాలనే. సవర గిరిజనుల పిల్లలకు సవర భాషలోనే పాఠాలు రాసి, బడులు పెట్టించారు. మన్యంలో జ్వరాలకు వాడిన క్వినైన్ వల్ల ఆయన వినికిడి దెబ్బతిన్నది. చెవులు సరిగా వినిపించని మనిషి, ఎవరూ పట్టించుకోని భాషను విని, రాసి, 1931లో మద్రాసులో దాని వ్యాకరణ గ్రంథం అచ్చువేయించారు. ఈ మాటకు అంతకంటే గొప్ప అర్థం నాకు ఏ నిఘంటువులోనూ దొరకలేదు.

కంప్యూటర్ సంగతి క్లుప్తంగా. పాత తెలుగు పుస్తకాలను స్కాన్ చేసి పెడుతున్నాం, సంతోషమే. కానీ ఆ పేజీ ఒక బొమ్మ. చూపు లేని పాఠకుడి కోసం తెర చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు అందులో అక్షరాలు కనిపించవు. కంప్యూటర్లన్నీ అక్షరాలను ఒకేలా గుర్తించే యూనికోడ్ పద్ధతికి మారని పాత ఫాంట్లతో టైపు చేసిన వాటి గతీ అంతే.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం అవరోధం అన్న మాటను నిర్వచిస్తూ కట్టడాలతో పాటు సమాచారాన్ని, ఆర్థిక కారణాలను, మనుషుల వైఖరిని కూడా చేర్చింది. ఆ వైఖరి ఎక్కడో లేదు, మనం రాసే వాక్యాల్లోనే ఉంది.

అందుకే అనువాదాలు చేసే మిత్రులను అడుగుతున్నాను. 'అందుబాటులో ఉంది' అని రాయబోయే ముందు ఒక్క క్షణం ఆగండి. మరుగుదొడ్డి అయితే 'చక్రాల కుర్చీ లోపలికి వెళ్తుంది' అని రాయండి. పుస్తకమైతే 'వినగలిగే రూపంలో ఉంది' అనండి. వాలుబాట ఉందంటే దాని వాలు ఎంతో కనుక్కోండి. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలన్నది లెక్క. ఆ వైద్యశాల నాలుగు మెట్లు రెండడుగుల ఎత్తు. అక్కడ ఇరవై నాలుగు అడుగుల బాట కావాలి.

మన వచ్చే సభ ఆహ్వానపత్రం చిత్తుప్రతి నా దగ్గరే ఉంది. చిరునామా కింద ఒక వాక్యం చేర్చాను: 'ముందు వాకిట్లో మూడు మెట్లున్నాయి, పక్క గేటు నుంచి మెట్లు లేకుండా లోపలికి రావచ్చు.' ఆ పక్క గేటుకు ఇప్పుడు తాళం ఉంది. తాళంచెవి ఎవరి దగ్గర ఉందో ఈ సభ ముగిశాక కార్యదర్శిగారిని అడుగుతాను.