మెయిలింగ్ లిస్టా, వికీనా? చిన్న ఓపెన్‌సోర్స్ టీమ్‌కి ముందు ఏది?

అందరికీ నమస్కారం. మద్దిలపాలెంలో ఇద్దరు, గాజువాకలో ఒకరు, ఉద్యోగానికి బెంగళూరు వెళ్లిన ఇంకో నలుగురు కలిసి వైజాగ్ సిటీ బస్సుల యాప్ ఓపెన్‌సోర్స్‌లో, అంటే కోడ్ అందరూ చూసి మార్చుకునేలా, చేస్తున్నారనుకోండి. కోడ్ సరే, మాట్లాడుకునేది ఎక్కడ? వాట్సాప్ గ్రూప్ అంటారని తెలుసు. గుడ్ మార్నింగ్ ఫోటోల మధ్య పాత చర్చ వెతికి పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. దాన్ని పక్కన పెట్టేద్దాం.

మెయిలింగ్ లిస్ట్, అంటే ఒక్క అడ్రస్‌కి మెయిల్ పంపితే చేరినవాళ్లందరికీ వెళ్లే ఏర్పాటు, పాతకాలం సరుకే. కానీ లినక్స్ కెర్నల్ (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కోడ్) పని ఇప్పటికీ చాలావరకు దాని మీదే నడుస్తోంది. స్క్రీన్ మీద ఆ లిస్టులో వచ్చిన ఒక మెయిల్ చూడండి. సబ్జెక్ట్‌లో "ప్యాచ్ వి3 2/5" అని ఉంది కదా, ప్యాచ్ అంటే కోడ్‌లో చేయాలనుకునే మార్పు, ఇది ఐదు ప్యాచ్‌లలో రెండోది, మూడో వెర్షన్. కోడ్ మెయిల్ లోపలే ఉంది. రివ్యూ చేసినాయన అభ్యంతరం ఉన్న లైన్ కిందే జవాబు రాశారు. ఎవరు ఏది ఎందుకు కాదన్నారో పదేళ్ల తర్వాత చేరినవాళ్లు కూడా ఆర్కైవ్‌లో చదువుకోవచ్చు. నాకు లిస్టులో అన్నిటికన్నా నచ్చేది ఇదే. అపాచీ అనే ఓపెన్‌సోర్స్ సంస్థ ప్రాజెక్టుల్లో అయితే నిర్ణయాలు లిస్టులోనే తీసుకోవాలి. ఓటింగ్ మామూలుగా కనీసం 72 గంటలు తెరిచి ఉంచుతారు, ఒకరికి పగలైతే ఇంకొకరికి అర్ధరాత్రి మరి. మన బెంగళూరు బ్యాచ్‌కి ఆదివారం తప్ప తీరిక దొరకదు, వాళ్లకీ ఇదే పద్ధతి నప్పుతుంది.

ఇబ్బంది లేదా అంటే ఉంది. ఇన్‌బాక్స్ నిండిపోతుంది. కొత్తవాళ్లకు అంతమందికి మెయిల్ కొట్టాలంటేనే టెన్షన్.

ఇక వికీ, అంటే టీమ్‌లో ఎవరైనా బ్రౌజర్‌లోనే దిద్దగలిగే పేజీలు. 1995లో వార్డ్ కన్నింగ్‌హామ్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ మొదలుపెట్టారు, మన తెలుగు వికీపీడియా 2003లో వచ్చింది. ఇన్‌స్టాల్ చేయడం ఎలా, ఎర్రర్ వస్తే ఏం చేయాలి లాంటి వాటికి దీనికి తిరుగులేదు. ఆర్చ్, ఉబుంటు రెండూ లినక్స్‌లో వేర్వేరు రకాలు, అయినా ఆర్చ్ లినక్స్ వికీని ఉబుంటు వాడేవాళ్లు కూడా తెరుస్తారు. కానీ చూసేవాళ్లు లేకపోతే వికీ పాడుబడిపోతుంది. భీమిలి వెళ్లే 900కే బస్సు స్టాపు మారిందనుకోండి, పేజీ మాత్రం పాత స్టాపునే ధైర్యంగా చెబుతూ ఉంటుంది. పైగా హిస్టరీలో ఏ లైన్ మారిందో తెలుస్తుంది గానీ, మార్చినవాళ్లు రాయకపోతే ఎందుకు మారిందో తెలియదు.

నన్నడిగితే ముందు లిస్టే పెట్టండి. ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంటే అప్పుడు దానికో వికీ పేజీ రాసి, కింద ఆ చర్చ లింకు ఇవ్వండి.

సొంత మెయిల్ సర్వర్ జోలికి మాత్రం పోవద్దు, మీ మెయిల్స్ స్పామ్‌లో పడుతుంటే దాన్ని సరిచేయడమే పెద్ద పనైపోతుంది. లిస్టుకి గూగుల్ గ్రూప్స్ చాలు. వికీకి డోకువికీ అనే సాఫ్ట్‌వేర్ చూడండి, డేటాబేస్ అక్కర్లేదు, పేజీలన్నీ టెక్స్ట్ ఫైళ్లే, ఫోల్డర్ కాపీ చేస్తే బ్యాకప్ అయిపోయినట్టే. లాగిన్ లేకుండా ఎడిట్ చేసే వీలు మాత్రం ఇవ్వకండి, స్పామ్ బాట్లు కాచుకుని ఉంటాయి.