పైథాన్ 3.12 అప్‌గ్రేడ్ రివ్యూ: పాత ప్యాకేజీలు బిల్డ్ కాకపోతే ఏం చేయాలి?

నమస్తే అందరికీ. నల్లగొండ నుంచి మాట్లాడుతున్నా. ఈసారి రివ్యూ ఫోన్ మీద కాదు, ల్యాప్‌టాప్ మీదా కాదు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష 3.12 వెర్షన్ మీద. కొత్త ఫీచర్ల జోలికి పోను, వాటి మీద వీడియోలు బోలెడున్నాయి. నడుస్తున్న పాత ప్రాజెక్టును దీని మీదికి తెస్తే ప్యాకేజీలు (మన ప్రోగ్రాం వాడుకునే, వేరేవాళ్లు రాసిన కోడ్ మూటలు) ఎందుకు మొరాయిస్తున్నాయి, వాటిని ఎలా దారికి తేవాలి, అదే మన సంగతి.

తీర్పు ముందే చెప్పేస్తా, పని ఉన్నవాళ్లు విని వెళ్లిపోవచ్చు. మారడం మంచిదే. ఎర్రర్ మెసేజ్‌లు మాత్రం మనిషిని తప్పుదారి పట్టిస్తాయి.

3.12 వచ్చింది 2023 అక్టోబర్ 2న. చాలామంది దీనికి కావాలని మారలేదు. ఉబుంటు అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో 22.04 నుంచి 24.04కి వెళ్లేసరికి సిస్టమ్ పైథాన్ 3.10 కాస్తా 3.12 అయిపోయింది. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో సరిగ్గా ఇదే జరిగింది. కాంటా మీద లారీ ఎక్కితే సీరియల్ పోర్టు నుంచి బరువు చదివి బిల్లు కొట్టే చిన్న ప్రోగ్రాం అది. రోజువారీ లెక్కలకు నంపై, పాండాస్ అనే ప్యాకేజీలు వాడుతుంది. సిస్టమ్ సర్వీసుకు వచ్చినాయన ఉబుంటు అప్‌గ్రేడ్ నొక్కేసి వెళ్లిపోయాడు, అదీ వడ్ల సీజన్ నడుమ. "తమ్మీ, కాంటా కాడ బిల్లు వస్తలేదు, బయట లారీలు లైన్ కట్టినయ్" అని ఫోన్.

పాత వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఒక్క ప్రాజెక్టు ప్యాకేజీల కోసం విడిగా పెట్టుకునే ఫోల్డర్)లోని ప్యాకేజీలన్నీ 3.10 ఫోల్డర్‌లో ఉన్నాయి, పైథాన్ ఏమో 3.12 అయి కూర్చుంది. దాన్ని బతికించాలని చూడకండి. డిలీట్ చేసి కొత్తది చేసుకోవడమే. అసలు కథ ఆ తర్వాత, కావాల్సిన ప్యాకేజీల జాబితా ఉన్న రిక్వైర్‌మెంట్స్ ఫైల్‌తో, ప్యాకేజీలు తెచ్చిపెట్టే పిప్ ఇన్‌స్టాల్ కమాండ్ కొట్టినప్పుడు మొదలవుతుంది.

స్క్రీన్ చూడండి. ఫైల్‌లో నంపై 1.24.4 అని గట్టిగా రాసి ఉంది. స్క్రీన్ నిండా ఎర్ర అక్షరాలు. అట్టడుగున, ఇది పిప్ సమస్య కాకపోవచ్చు అని ఒక నోటు. అందరి కళ్లూ అక్కడే ఆగుతాయి, కానీ అక్కడ ఏమీ లేదు. కొంచెం పైకి జరపండి. "పీకేజీయుటిల్ మాడ్యూల్‌లో ఇంప్‌ఇంపోర్టర్ అనే ఆట్రిబ్యూట్ లేదు" అనే లైన్ ఉంది చూశారా, మనకు కావాల్సింది అదీ. దాని పక్కనే "జిప్‌ఇంపోర్టర్ అనబోయారా?" అని ఒక ఉచిత సలహా కూడా. లేదు నాయనా, మేము ఏమీ అనబోలేదు.

ఇక్కడ ఆగి అర్థం చేసుకోవాలి. పిప్ తెచ్చే ప్యాకేజీ రెండు రూపాల్లో ఉంటుంది. వీల్ అంటే గిర్నీ పట్టిన బియ్యం, తెచ్చి వండుకోవడమే. సోర్స్ అంటే వడ్లు, మన మిషన్ మీదే పట్టించుకోవాలి. నంపై 1.24.4కి పైథాన్ 3.12 వీల్ లేదు, 3.12కి సపోర్ట్ మొదలైందే 1.26 నుంచి. వీల్ దొరకలేదు కాబట్టి పిప్ మనల్ని అడగకుండానే సోర్స్ దించి బిల్డ్, అంటే ఆ పట్టించే పని, మొదలుపెట్టింది. బిల్డ్ కోసం విడిగా ఒక తాత్కాలిక ఎన్విరాన్‌మెంట్ చేసుకుంటుంది. అందులో సెటప్‌టూల్స్ (బిల్డ్ చేసే పనిముట్టు) ఏ వెర్షన్ ఉండాలో ప్యాకేజీలోని పైప్రాజెక్ట్ ఫైల్ చెబుతుంది. ఈ నంపై అడిగింది కచ్చితంగా 59.2.0, అంటే 2021 నాటిది. ఆ పాత సెటప్‌టూల్స్ ఇంప్‌ఇంపోర్టర్‌ను వెతుకుతుంది, 3.12లో దాన్ని తీసేశారు. అక్కడ పడింది దెబ్బ.

"సెటప్‌టూల్స్ అప్‌గ్రేడ్ చేయండి" అనే సలహా ఇక్కడ పనిచేయనిది అందుకే. మీరు అప్‌గ్రేడ్ చేసేది బయటి ఎన్విరాన్‌మెంట్‌లో, బిల్డ్ జరిగేది లోపలి దాంట్లో. మీ కొత్త సెటప్‌టూల్స్ దానికి కనపడదు.

కాబట్టి ఎర్రర్ రాగానే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న బిల్డ్ ఎందుకు ఫెయిల్ అయింది అని కాదు, అసలు బిల్డ్ ఎందుకు మొదలైంది అని. పిప్‌కి "ఓన్లీ బైనరీ ఆల్" ఆప్షన్ ఇవ్వండి, కమాండ్ స్క్రీన్ మీద ఉంది. ఇక అది సోర్స్ జోలికి పోదు. ఏ ప్యాకేజీకి వీల్ లేదో ఒక్క ముక్కలో చెప్పి ఆగిపోతుంది. నంపై 1.26కి, పాండాస్ 2.1.1కి మార్చాం, ఇన్‌స్టాల్ అయిపోయింది. కానీ బిల్లు రాలేదు! పాండాస్ 2.0లో పట్టికకు వరుసలు కలిపే డేటాఫ్రేమ్ అపెండ్ తీసేశారు. కోడ్‌లో అది వాడిన చోటల్లా అదే పని చేసే కాన్‌క్యాట్ పెట్టాక ప్రింటర్ కదిలింది.

మిగతా ఎర్రర్లు గబగబా. డిస్ట్‌యుటిల్స్ అంటే ప్యాకేజీలు కట్టే పాత పనిముట్టు, 3.12లో దాన్నీ తీసేశారు. "డిస్ట్‌యుటిల్స్ మాడ్యూల్ లేదు" అని ప్రోగ్రాం నడిచేటప్పుడు వస్తే, సెటప్‌టూల్స్ ఇన్‌స్టాల్ చేస్తే ప్రస్తుతానికి గట్టెక్కుతారు. 3.12 నుంచి కొత్త ఎన్విరాన్‌మెంట్‌లో సెటప్‌టూల్స్ తనంతట తాను రావట్లేదు. "పైథాన్ డాట్ హెచ్ దొరకలేదు" అంటే పైథాన్3 డెవ్ ప్యాకేజీ వేయండి, అంతే. "ఓబీ డిజిట్ అనే మెంబర్ లేదు" అని జీసీసీ అనే సీ కంపైలర్ గోల పెడితే మాత్రం కంపైలర్ మీద పడకండి. 3.12లో ఇంటిజర్ లోపలి నిర్మాణం మారింది, పైథాన్ లాంటి కోడ్‌ను సీ కోడ్‌గా మార్చే సైథాన్ పాత వెర్షన్ పుట్టించిన సీ కోడ్‌కు అది తెలియదు. ఏఐఓహెచ్‌టీటీపీ అనే వెబ్ ప్యాకేజీ 3.8 వాడేవాళ్లు దీన్ని చూసే ఉంటారు. ఆ ప్యాకేజీ కొత్త వెర్షన్ తెచ్చుకోవడమే మందు.

పైథాన్ వాళ్లను తిట్టాలా? డిస్ట్‌యుటిల్స్ పోతుందని 2021లో 3.10 నుంచే వార్నింగ్ ఇస్తున్నారు. చిక్కేమిటంటే 'ఇది ముందు ముందు తీసేస్తాం' అనే ఈ డెప్రికేషన్ వార్నింగ్‌లు లైబ్రరీల లోపల పుడితే మామూలుగా మనకు చూపించరు. చూపించని వార్నింగ్ ఇచ్చినట్టా, ఇవ్వనట్టా? అందుకే పదికి ఏడు ఇస్తున్నా. మీ ప్రాజెక్టును పాత వెర్షన్‌లోనే ఒకసారి, దాచిన వార్నింగ్‌లు చూపించే "డాష్ డబ్ల్యూ డిఫాల్ట్" ఆప్షన్ పెట్టి నడపండి, ముందు ముందు ఏం విరుగుతుందో చాలావరకు అప్పుడే బయటపడుతుంది.

మార్చడానికి టైమే లేకపోతే? యూవీ అనే టూల్‌తో 3.10 తెచ్చుకుని ఆ ప్రాజెక్టుకు మాత్రం అదే పెట్టండి. రెడీగా కంపైల్ చేసిన పైథాన్‌ను దించుతుంది, నిమిషాల పని. పైఎన్వ్ కూడా ఉంది గానీ అది పైథాన్‌నే సోర్స్ నుంచి కంపైల్ చేస్తుంది, సురక్షిత నెట్ కనెక్షన్లకు కావాల్సిన ఎస్ఎస్ఎల్ లైబ్రరీ లేకపోతే మళ్లీ ఇంకో పంచాయితీ. 3.10కి సెక్యూరిటీ సపోర్ట్ 2026 అక్టోబర్ వరకే, అది గుర్తుపెట్టుకుని వాడండి.

మిల్లుల్లో, దుకాణాల్లో సిస్టమ్‌లు చూసుకునేవాళ్లకు ఒక మాట. అన్నీ సరిగ్గా నడుస్తున్న రోజునే పిప్ వీల్ కమాండ్‌తో వీల్స్ అన్నీ ఒక ఫోల్డర్‌లోకి దించి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. తర్వాత "నో ఇండెక్స్", "ఫైండ్ లింక్స్" ఆప్షన్లతో నెట్ లేకుండానే ఇన్‌స్టాల్ అవుతాయి. పెన్‌డ్రైవ్ మీద పైథాన్ వెర్షన్ రాసి పెట్టుకోండి, 3.10 కోసం దించిన నంపై వీల్‌ను 3.12 తీసుకోదు.