రాజధానికి పనిలేకుండా వెళ్ళినప్పుడు

శ్రోతలకు నమస్కారం.

బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ... ఈ సరిహద్దు ఊళ్ళలో ఉండే మన తెలుగువాళ్ళలో భువనేశ్వర్ వెళ్ళనివాళ్ళు తక్కువే. కానీ ఎందుకు వెళ్తాం? ఫైలు కదలడం లేదని వెళ్తాం, పెద్దాసుపత్రిలో చూపించుకోవాలని వెళ్తాం, పిల్లల పరీక్ష ఉందని వెళ్తాం, ఎవర్నో విమానం ఎక్కించడానికి వెళ్తాం. పని కాగానే ఆటో ఎక్కి స్టేషన్‌కి వచ్చేస్తాం. సరదాగా చూడ్డానికంటే మాత్రం విశాఖపట్నమో, హైదరాబాదో, తిరుపతో గుర్తొస్తాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడే మన ఊళ్ళు ఈ రాష్ట్రంలోకి వచ్చాయి. 1948లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ కొత్త నగరం అప్పటి నుంచీ మనదే. అయినా మన లెక్కలో అదొక ఆఫీసుగానే ఉండిపోయింది.

మొన్న చలికాలంలో నేను ఏ పనీ పెట్టుకోకుండా, ఎవర్నీ తోడు తీసుకోకుండా భువనేశ్వర్ వెళ్ళాను. గుహలు, గుళ్ళు, మ్యూజియంలు చూడ్డమే పని. రిటైరైన ఆడమనిషి ఒక్కతే ఎందుకని ఇంట్లో కాస్త టెన్షన్ పడ్డారు. నాకు మాత్రం ఒక్కదాన్నే వెళ్ళాలనిపించింది. నలుగురితో వెళ్తే ఫొటో అవగానే బయల్దేరమంటారు. శాసనాల దగ్గర అలా కుదరదు. అక్కడ నిలబడాలి, బోర్డు చదవాలి, మళ్ళీ రాయి వంక చూడాలి. ఇంకొకరిని అంతసేపు ఎండలో నిలబెట్టడం భావ్యం కాదు.

ఉదయం బండిలో చిలికా పక్కగా, రంభ, బాలుగావ్ దాటుకుంటూ వెళ్ళాను. మర్నాడు పొద్దున్నే ముందుగా చూసింది ధౌలి. అక్కడికి వచ్చేవాళ్ళలో చాలామంది నేరుగా కొండమీద తెల్లగా మెరిసే శాంతిస్తూపానికి వెళ్ళిపోతారు. అది 1970ల మొదట్లో జపాను బౌద్ధుల సహకారంతో కట్టింది. అందంగానే ఉంటుంది. కానీ అసలు సంగతి కింద, దారి పక్కనే ఉంది. అశోకుడి శాసనం చెక్కిన బండ అది. దానిపైన, రాతిలోంచి నడిచి బయటికొస్తున్నట్టు ఏనుగు ముందు సగం చెక్కి ఉంటుంది. ఈ శాసనం 1837లో మార్ఖం కిట్టో అనే ఆంగ్లేయ సైనికాధికారి కంటబడింది. సరిగ్గా ఆ రోజుల్లోనే జేమ్స్ ప్రిన్సెప్ అనే ఆంగ్లేయ పండితుడు, ఈ శాసనాలు చెక్కిన బ్రాహ్మీ అక్షరాల గుట్టు విప్పుతున్నాడు.

ఇక్కడ మనవాళ్ళు ప్రత్యేకంగా తెలుసుకోవలసిన విషయం ఒకటుంది. కళింగ యుద్ధం ఈ నేల మీదే జరిగింది. లక్షమంది చనిపోయారనీ, లక్షన్నరమందిని చెరపట్టుకుపోయారనీ, దానికి తాను ఎంతో బాధపడ్డాననీ అశోకుడు చెప్పుకున్నది, ఆయన బండల మీద వరసగా చెక్కించిన పధ్నాలుగు శాసనాల్లో పదమూడోదానిలో. ఆ పదమూడో శాసనం ధౌలిలో లేదు. మన గంజాం జిల్లా జౌగడలో కూడా ఇవే శాసనాలు ఉన్నాయి, అక్కడా అది లేదు. ఓడిపోయి, అయినవాళ్ళను పోగొట్టుకున్న జనం కళ్ళముందు ఆ లెక్క చెక్కించలేకపోయాడని చాలామంది చరిత్రకారులు అంటారు. మరి ఆ పశ్చాత్తాపం చదవాలంటే ఎక్కడికి వెళ్ళాలి? తెలుగునాట కర్నూలు జిల్లా ఎర్రగుడికి వెళ్ళినా చాలు. అక్కడి బండల మీద పధ్నాలుగు శాసనాలూ ఉన్నాయి. అంటే కథలో సగం కళింగంలో, మిగతా సగం ఎక్కడో దూరాన ఉండిపోయాయి. ఇటు ఒడియా, అటు తెలుగు తెలిసిన మనలాంటివాళ్ళు ఈ రెండు చోట్లకూ వెళ్ళి చూడాలని నాకు గట్టిగా అనిపించింది.

పదమూడోదానికి బదులు ధౌలిలో, జౌగడలో విడిగా రెండు శాసనాలు వేయించాడు. ధౌలిలోవి తోసలి నగర అధికారులకు, జౌగడలోవి సమాప నగర అధికారులకు. మనుషులందరూ నా బిడ్డలే అన్న మాట ఇందులోదే. కారణం లేకుండా ఎవర్నీ బంధించకండి, బాధపెట్టకండి అని ఆ అధికారులకు ఆజ్ఞ. న్యాయం చెయ్యనివ్వని గుణాలు ఏవో కూడా పేరుపేరునా చెప్పాడు. అసూయ, కోపం, కఠినత్వం, తొందరపాటు, అభ్యాసం లేకపోవడం, బద్ధకం, అలసట. పనుల కోసం రాజధానికి వెళ్ళి, బల్లల ముందు గంటలు గంటలు నిలబడి వచ్చిన మన కడుపులోని మాట ఇరవైరెండు వందల ఏళ్ళ కిందటే ఒక రాజు తన ఉద్యోగులకు చెప్పి, రాతి మీద చెక్కించాడు. ఆ జాబితాలో అలసటను కూడా చేర్చాడంటే, జనం బాధ ఎంత దగ్గరగా చూశాడో అనుకున్నాను.

ఇంకో మాట. ఈ శాసనాన్ని పుష్యమి నక్షత్రం రోజున చదివి వినిపించాలన్నాడు. మధ్యలో వీలున్నప్పుడూ వినాలన్నాడు. వినేవాడు ఒక్కడే ఉన్నా వినాలన్నాడు. ఆ పొద్దున ఆ బండ దగ్గర నేనూ, కాపలా మనిషీ తప్ప ఎవరూ లేరు. "మాఉసీ (పిన్నీ), నీడలోకి వచ్చి చూడండి" అని ఆయన నాకు చోటు చూపించాడు. అక్షరాలు నాకు రావు. కానీ ఆ గీతల్లోంచే మన తెలుగు లిపీ, ఒడియా లిపీ పుట్టాయని తెలుసు కాబట్టి ఎంతసేపు చూసినా తనివి తీరలేదు.

తర్వాత ఉదయగిరి, ఖండగిరి. రోడ్డుకి అటొకటి ఇటొకటి, చిన్న కొండలే. జైన సాధువుల కోసం తొలిచిన గుహలు ఉదయగిరిలో 18, ఖండగిరిలో 15. రెండంతస్తుల రాణీగుంఫా ముందు జనం ఎక్కువ. పులి నోరు తెరిచినట్టు చెక్కిన బాఘ్‌గుంఫా పిల్లలకు నచ్చుతుంది. నేను మాత్రం ఎక్కువసేపు ఉన్నది హాథీగుంఫా దగ్గర. పైన కప్పు రాతి మీద కళింగ రాజు ఖారవేలుడి పదిహేడు పంక్తుల శాసనం ఉంది. రాజుగారు ఏయే సంవత్సరం ఏం చేశారో వరసగా చెప్పే శాసనం అది. చాలాచోట్ల అరిగిపోయింది.

అందులో మొదటి సంవత్సరం కబురు వింటే గంజాం వాళ్ళకు ఒళ్ళు జలదరిస్తుంది. పట్టాభిషేకం కాగానే ఆయన చేసిన పని, తుఫాను గాలికి దెబ్బతిన్న కళింగనగర గోపురాలు, గోడలు, ఇళ్ళు బాగుచేయించడం. చెరువు గట్లు కట్టించడం. దానికి 35 లక్షలు ఖర్చుపెట్టాడట. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన రాత్రి మనమంతా తలుపులు బిగించుకుని కూర్చున్నాం కదా. తెల్లారి ఏం మిగిలిందో చూసుకున్నాం కదా. ఈ తీరంలో రాజ్యం అంటే మొట్టమొదట తుఫాను తర్వాతి మరమ్మతే. రెండువేల ఏళ్ళుగా ఇదే మన బతుకు.

రెండో ఏడు ఆయన శాతవాహన రాజు శాతకర్ణిని లెక్కచేయకుండా పడమటికి సైన్యాన్ని పంపాడని ఉంది. ఆ సైన్యం చేరిన నదిని కొందరు పండితులు కృష్ణగా గుర్తించారు. ఆయన మహామేఘవాహన వంశం పేరు ఏలూరు దగ్గర గుంటుపల్లి శాసనంలోనూ కనిపిస్తుంది. ఇప్పుడు మనం సరిహద్దు అనుకునే గీత అప్పుడు లేదు.

గుళ్ళ గురించి క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే అవి కళ్ళతో చూడాలి. ఒక సలహా మాత్రం ఉంది. వయసు వరసలో చూడండి. ముందు ఏడో శతాబ్దపు పరశురామేశ్వరం, దాని ముఖమండపం కప్పు ఇంకా చదునుగానే ఉంటుంది. తర్వాత తోరణంతో పదో శతాబ్దపు ముక్తేశ్వరం. ఆపైన పదకొండో శతాబ్దపు రాజారాణి, లింగరాజు. అలా నడిస్తే గుడి కట్టడం ఎలా ఎదిగిందో పాఠం చెప్పినట్టు తెలుస్తుంది. శ్రీకాకుళం జిల్లా ముఖలింగం చూసినవాళ్ళకు ఆ శిఖరాలు కొత్తగా అనిపించవు. వంశధార ఒడ్డున కళింగనగరంలో ఏలిన గంగ రాజుల్లోని అనంతవర్మ చోడగంగదేవుడే పన్నెండో శతాబ్దంలో పూరీ జగన్నాథుడి గుడికి పూనుకున్నాడు. గంగ రాజకుమారి చంద్రిక 1278లో బిందుసాగరం గట్టున కట్టించిన అనంతవాసుదేవ ఆలయం ఇప్పటికీ జనానికి అన్నం పెడుతోంది. మట్టికుండల్లో వండిన అభడ, అంటే దేవుడి ప్రసాదం భోజనం, మధ్యాహ్నం అక్కడే దొరుకుతుంది. హోటల్లో ఒంటరిగా ఒక బల్ల ముందు కూర్చోవడం ఇబ్బంది అనిపించే ఆడవాళ్ళు అక్కడికి వెళ్ళండి. అందరూ కిందే కూర్చుంటారు. అన్నం, దాల్మా, ఖట్టా ఆకులో వడ్డిస్తారు. పక్కన కూర్చున్నవాళ్ళు ఎక్కడి నుంచి వచ్చారమ్మా అని అడుగుతారు. అంతే, ఒంటరితనం ఉండదు.

మ్యూజియంలలో రాష్ట్ర మ్యూజియం పెద్దది, కల్పనా స్క్వేర్ దగ్గర ఉంది. అక్కడి తాళపత్రాల గది చూడ్డానికే సగం రోజు కేటాయించండి. వేల వేల గ్రంథాలు ఆ సంస్థ దగ్గర ఉన్నాయి. గంటంతో ఆకు మీద గీసి, మసి రుద్ది, అక్షరం పైకి తేల్చడం మన తాతముత్తాతలు చేసిన పనే. కాకపోతే ఒడియావాళ్ళు అదే గంటంతో ఆకు మీద బొమ్మలు కూడా గీశారు. వేలెడంత వెడల్పు ఆకులో చెట్టు, నెమలి, రాధాకృష్ణులు, ప్రతి గీతా విడివిడిగా కనిపిస్తుంది. ఆ చేయి ఎంత స్థిరంగా ఉండి ఉంటుందో! కళ్ళజోడు తప్పకుండా తీసుకెళ్ళండి.

గిరిజన మ్యూజియం మరో చోట. గోడల మీద సవరల ఇడితాల్ బొమ్మలు చూసినప్పుడు నాకు గిడుగు రామమూర్తిగారు గుర్తొచ్చారు. ఆంధ్రలో ఆగస్టు 29న, ఆయన పుట్టినరోజున తెలుగు భాషా దినోత్సవం చేస్తారు. ఆయన బడిపంతులుగా జీవితం గడిపింది మన పర్లాకిమిడిలో. అక్కడుండే సవర భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం రాశారు, నిఘంటువు కూర్చారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు మనసొప్పక రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆ వెళ్ళిపోవడంలోని బాధ నాకు అర్థమవుతుంది. కానీ సవరలు ఎక్కడికీ వెళ్ళలేదు, మనమూ వెళ్ళలేదు. ఆ బొమ్మల ముందు ఆయన పేరు తలుచుకునే మనిషి ఒకరు ఉండాలి కదా, అది మన పిల్లలే కావాలి. ఆ గదిలో తిరిగే ఏ తెలుగు బిడ్డకైనా ఈ సంగతి ముందే చెప్పి పంపండి.

ఒంటరిగా వెళ్ళాలనుకునేవాళ్ళకు, ముఖ్యంగా ఆడవాళ్ళకు, నాలుగు మాటలు. రాష్ట్ర మ్యూజియానికి సోమవారం సెలవు, దానికి తగ్గట్టు రోజు ఎంచుకోండి. స్టేషన్‌కి దగ్గర్లో గది తీసుకుంటే రాత్రిపూట తిరగాల్సిన అవసరం రాదు. ధౌలి, ఉదయగిరి పొద్దున్నే పెట్టుకోండి, ఎండెక్కితే రాయి సెగ కొడుతుంది. సిటీ బస్సులు బాగానే ఉన్నాయి, లేదంటే ఆటో ముందే మాట్లాడుకోండి. ఉదయగిరిలో కోతులు ఎక్కువ, చేతిలో తిండి పెట్టుకోకండి.

భువనేశ్వర్ దాకా ఇప్పట్లో కుదరదంటారా, జౌగడకు వెళ్ళండి. బరంపురం నుంచి పురుషోత్తంపూర్ వైపు, ఋషికుల్యకు దగ్గర్లో ఉంది. ధౌలిలో ఉన్న మాటలే అక్కడి బండ మీదా ఉన్నాయి. పుష్యమి నక్షత్రం ఏ రోజో పంచాంగంలో చూసుకుని మరీ వెళ్ళండి. నేను వచ్చే నెల అలాగే వెళ్తున్నాను.

సెలవు. నమస్కారం.