యాలకుల ధర ఎక్కడ పుడుతుంది?

హోస్ట్: నమస్కారం. యాలకుల రేటు ఒక ఏడాది ఆకాశంలో ఉండి, రెండేళ్లకే ఎందుకు కూలిపోతుందని చాలామంది అడుగుతున్నారు. జవాబు కోసం మా బాబాయ్‌ని కూర్చోబెట్టాను. బేగంబజార్‌లో ముప్పై ఏళ్లు మసాలా దినుసుల హోల్‌సేల్ చేశారు. అంతకు ముందు జెడ్డాలో ఒక గోడౌన్‌లో పనిచేశారు. బాబాయ్, మీరు మొదటిసారి యాలకుల బస్తా విప్పింది ఇక్కడా, అక్కడా?

బాబాయ్: అక్కడేనమ్మా. వాళ్లు హేల్ అంటారు. బస్తాల మీద గ్వాటెమాలా అని రాసి ఉండేది. యాలకులంటే కేరళే అనుకుంటూ పెరిగినవాణ్ణి కదా, ఆ దేశం ఎక్కడుందో కూడా తెలియదు నాకు.

హోస్ట్: మన పశ్చిమ కనుమల మొక్క మధ్య అమెరికాలోని గ్వాటెమాలా దాకా ఎలా వెళ్లింది?

బాబాయ్: 1914 ప్రాంతంలో ఆస్కార్ మాయుస్ క్లోఫర్ అనే జర్మన్ కాఫీ తోటల యజమాని తీసుకెళ్లి, ఆల్టా వెరాపాజ్ అనే కొండ ప్రాంతంలో నాటాడు. మంచు, నీడ, వాన, అన్నీ మన కేరళలోని ఇడుక్కిలాగే. ఇప్పుడు ప్రపంచంలో ఎగుమతికి మొదటి దేశం అదే. చిన్న చిన్న చెక్కల్లో పండించేది ఎక్కువగా కెక్చీ మాయా రైతులు. వాళ్ల వంటల్లో యాలక్కాయకు పెద్దగా చోటు లేదు. పచ్చికాయ కోసి దళారికి అమ్మేస్తారు, ఆరబెట్టడం ఇంకొకరి పని. ధర పెరిగినప్పుడు ఆ లాభం రైతు దాకా ఎంత చేరుతుందనేది నన్ను ఇప్పటికీ బాధపెట్టే ప్రశ్న.

హోస్ట్: కొనేది మాత్రం సౌదీ.

బాబాయ్: సౌదీ, దుబాయ్, కువైట్, ఆ చుట్టుపక్కల. గహ్వా, అంటే అరబ్బుల కాఫీ, తాగావా ఎప్పుడైనా? గింజను లేతగా వేయిస్తారు, రంగు పసుపు పచ్చగా ఉంటుంది. యాలకులు మాత్రం చేతికి అడ్డు లేకుండా వేస్తారు. ఇంటికొచ్చినవాళ్లకు అది పోయకపోతే మర్యాద కాదు. 2015లో యునెస్కో ఆ ఆతిథ్యాన్ని వారసత్వ జాబితాలో చేర్చింది. మా గోడౌన్‌లో రంజాన్‌కు రెండు నెలల ముందే హడావిడి మొదలయ్యేది. కరీంనగర్, కడప, కోనసీమ నుంచి వచ్చినవాళ్లం ఒక్క గదిలో ఉండేవాళ్లం. అందరి బట్టలూ యాలకుల వాసనే.

హోస్ట్: అంటే పండించేది రెండు కొండలు, తాగేది ఒక ఎడారి.

బాబాయ్: అదేనమ్మా అసలు సంగతి. ఇంత పెద్ద వ్యాపారం ప్రధానంగా ఇడుక్కి, ఆల్టా వెరాపాజ్‌ల మీద నిలబడింది. మన పంటలో ఎక్కువ భాగం మనమే తినేస్తాం. అందుకే ఇందులో ఏ ఒక్కచోట వాన తప్పినా ధర ఎగిరిపడుతుంది. 2018 ఆగస్టులో కేరళలో వరదలు, ఆ తర్వాతి ఏడాది ఎండలు. 2019 ఆగస్టు వేలంలో గరిష్ఠ ధర కిలో 7,000 పలికింది. నేను ఫోన్‌లో రెండుసార్లు అడిగాను, సున్నా ఎక్కువ చెప్పావేమోనని.

హోస్ట్: వేలం అంటే?

బాబాయ్: స్పైసెస్ బోర్డు ఈ-వేలం. కేరళలో పుట్టడి, తమిళనాడులో బోడినాయకనూరు. సరుకు లాట్‌లుగా వస్తుంది, కొనేవాళ్లు కంప్యూటర్ల ముందు కూర్చుని పాడతారు. దేశంలో ధర తెలిసేది అక్కడే. బేగంబజార్‌లో పొద్దున షట్టర్ ఎత్తేముందు మేం అడిగే మొదటి మాట, ‘బోడి ఎంత?’

హోస్ట్: మరి 2019 తర్వాత ఎందుకు పడిపోయింది?

బాబాయ్: ఏడు వేలు చూసి ఎవరు ఊరుకుంటారమ్మా? ఉన్న చోటల్లా నాటారు. యాలకుల మొక్క రెండు మూడేళ్లకు గానీ కాపుకు రాదు. లెక్క వేసుకో. 2022కి కాయంతా ఒక్కసారి మార్కెట్‌కి వచ్చి, సగటు ధర వెయ్యి లోపుకు దిగింది. అప్పులు చేసి నాటినవాళ్లు ఎరువులు తగ్గించారు, తోటల మీద ఖర్చు మానేశారు. 2024 వేసవిలో ఇడుక్కిలో ఎండకు మొక్కలే ఎండిపోయాయి. అదే ఏడాది గ్వాటెమాలా పంట కూడా దెబ్బతింది. 2025 మొదలయ్యేసరికి మళ్లీ మూడు వేల అటూ ఇటూ.

హోస్ట్: అంత పెరిగినా జనం కొనడం మానరా?

బాబాయ్: మానరు. తిరుమల లడ్డూ దిట్టం, అంటే దినుసుల కొలతలు, చూడు. 5,100 లడ్డూలకు యాలకులు 4 కిలోలు. లడ్డూకి గ్రాము కూడా పడదు, కానీ అది లేకపోతే లడ్డూ కాదు. ఇంట్లో పాయసమైనా అంతే, నాలుగు కాయలు. వాడేది కొంచెమే కాబట్టి ధర రెట్టింపైనా కొంటారు. అందుకే సరుకు కాస్త తగ్గినా ధర అంతలా ఎక్కుతుంది.

హోస్ట్: ఇంకో ప్రశ్న. వ్యాపారం మొదలుపెట్టాలనుకునే కుర్రాళ్లు కస్టమ్స్ లెక్కలు చూసి, ఫలానా దేశం దిగుమతి ధర కిలోకి ఇన్ని డాలర్లని చెబుతుంటారు. అది నమ్మొచ్చా?

బాబాయ్: నమ్మే ముందు నాలుగు ప్రశ్నలు అడగమను. కస్టమ్స్‌లో పొడి చేయని యాలకులన్నిటికీ 0908.31 అనే ఒకే కోడ్. అందులో మన పచ్చ యాలకులూ, బిర్యానీలో వేసే నల్ల యాలకులూ కలిసే ఉంటాయి. నేపాల్ నుంచి మనకొచ్చేది ముఖ్యంగా నల్లవే. రెండూ కలిపి సగటు తీస్తే అది ఏ యాలక్కాయ ధరా కాదు. మన దేశం కోడ్‌కి ఇంకో రెండు అంకెలు కలిపి వాటిని వేరు చేస్తుంది, ఆ ఎనిమిదంకెల లెక్కే చూడాలి.

హోస్ట్: ఇది నాకు తెలియదు.

బాబాయ్: రెండోది సైజు. ఎనిమిది ఎంఎం దాటిన ముదురాకుపచ్చ కాయ ఒక ధర, పాలిపోయి నోరు తెరిచిన కాయ ఇంకో ధర. కాగితం మీద రెండూ యాలకులే. మూడోది, దిగుమతి ధరలో ఓడ కిరాయి, బీమా కూడా కలిపే రాస్తారు. 2023 చివర్లో ఎర్రసముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాక కిరాయిలు పెరిగాయి. అప్పటి పెరుగుదలంతా రైతుకు వచ్చిందనుకుంటే పొరపాటు. నాలుగోది దుబాయ్. అక్కడ దిగే సరుకులో చాలా భాగం మళ్లీ ఓడెక్కుతుంది, దాన్ని అక్కడి వాడకం కింద లెక్కపెట్టకూడదు.

హోస్ట్: మన సరుకును సౌదీ వెనక్కి పంపిందని విన్నాను.

బాబాయ్: పంపింది, పురుగుమందుల అవశేషాల వల్ల. దీని వెనక ఉన్నది మన మిర్చి రైతుకు బాగా తెలిసిన శత్రువే, తామర పురుగు. గుంటూరు, ఖమ్మంలో 2021లో మిర్చిని ముంచిన జాతి వేరు, ఇది వేరు, కానీ రెండూ తామర పురుగులే. యాలకుల మీద పడితే కాయ తొక్కకు గజ్జిలా పొక్కు లేస్తుంది, ధర పోతుంది. ఆ భయంతో రైతు మళ్లీ మళ్లీ మందు కొడతాడు. 2023 జనవరిలో కేరళ హైకోర్టు తీర్పుతో శబరిమల అరవణ ప్రసాదం అమ్మకం ఆగింది కూడా యాలకుల్లో మందు అవశేషాల కేసులోనే. తర్వాత సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది కానీ, అప్పటికే లక్షల డబ్బాలు పనికి రాకుండా పోయాయి. రైతును తిట్టి లాభం లేదమ్మా. మందు తక్కువ కొట్టి పండించిన కాయకు వేలంలో నాలుగు డబ్బులు ఎక్కువ దొరికితే రేపే మానేస్తాడు. పొక్కు లేని కాయకే మనం ధర కడుతున్నాం.

హోస్ట్: చివరగా, ఇంట్లోవాళ్లు ఏం చూసి కొనాలి?

బాబాయ్: కోత ఆగస్టు నుంచి జనవరి, ఫిబ్రవరి దాకా విడతలుగా సాగుతుంది. ఆ రోజుల్లో కొత్త కాయ దొరుకుతుంది. ఒక కాయ ఒలిచి చూడండి. గింజ నల్లగా, కొంచెం జిగురుగా ఉండాలి. గోధుమ రంగులో పొడిపొడిగా ఉంటే పాతది. పైన మరీ మెరిసే పచ్చదనం ఉంటే నీళ్లలో వేసి చూడండి, రంగు దిగితే కొనొద్దు. వంద గ్రాములకు మించి తీసుకోకండి, గాలి దూరని సీసాలో పెట్టండి. తొక్కలు పారేయకుండా టీపొడి డబ్బాలో వేసుకోండి, మీ పిన్ని ఇప్పటికీ అలాగే చేస్తుంది.